అక్క కంచం: ఒక మిక్సీ రిపేరువాడి ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి వెళ్లిన వారం

తిరుపతిలో మాది మిక్సీలు, వెట్ గ్రైండర్లు బాగుచేసే కొట్టు. బుష్‌లు, బ్లేడ్లు, కప్లర్లు తప్ప వేరే గొడవ లేనివాణ్ణి. ఇప్పుడు నెత్తికెత్తుకున్న పని మాత్రం వంటింటిది.

పెద్దక్కకు పేగులో ఒకచోట వాపు వచ్చి దారి సన్నబడింది. మందులు వాడుతోంది. వాపు దిగేదాకా తొక్క, గింజ, పీచు లోపలికి పోకూడదనీ, తినేదంతా గుజ్జుగా ఉండాలనీ, ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినాలనీ డాక్టరు చెప్పారు. ఏవి తినొచ్చో ఏవి కూడదో డైటీషియన్ ఒక కాగితం రాసిచ్చారు. ఎలా వండాలో అందులో లేదు.

ఇలాంటప్పుడు ఎవరింట్లోనైనా చేసేది ఒకటే. అన్నం, పప్పు, బీరకాయ కూర అన్నీ ఒకే జార్లో పోసి గిర్రున తిప్పడం. అక్క రెండు చెంచాలు తిని గిన్నె పక్కకు నెట్టింది. "ఇందులో పప్పేదో కూరేదో నువ్వు చెప్పు నాయనా, అప్పుడు తింటా" అంది.

దాంతో షరతు తేలిపోయింది. ఏ వంటకానికి ఆ వంటకమే గుజ్జు కావాలి. కంచంలో అన్నం ఒక పక్క, పప్పు ఒక పక్క, కూర ఒక పక్క, చివర పెరుగు. ఎప్పటిలా కలుపుకుని తినాలి. ఆమె తినేది తక్కువే. ఆ తక్కువైనా అన్నం తిన్నట్టుండాలి గదా.

గుజ్జు ఎంత మెత్తగా ఉంటే చాలు? దీనికి ఒక కొలత దొరికింది. మింగడం కష్టమైనవాళ్ల కోసం ఐడిడిఎస్ఐ అని ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది. నీళ్లలా పలచనివాటికి 0, మామూలు తిండికి 7, గుజ్జుది 4వ మెట్టు. అక్కకు మింగడంలో ఏ ఇబ్బందీ లేదు, కాకపోతే ఆ 4వ మెట్టు పరీక్ష మా పనికీ వస్తుంది. చెంచాతో తీస్తే కుప్పగా నిలవాలి. చెంచా వంచితే మొత్తం ఒక్కసారిగా జారిపోవాలి, అంటుకుని వేలాడకూడదు. ఉండలు ఉండకూడదు, పక్కన నీళ్లు విడిపోకూడదు. దీనికి తోడు నా సొంత పరీక్ష ఇంకోటి: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడటం. చెంచాకు తెలియని నలుసు వేలికి తెలుస్తుంది.

అదే వారం, జార్ సంగతి

వంట కంటే ముందు జార్ చూసుకోవాలి. ఇది నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

పాత జార్లో బ్లేడు కింద దాని ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగిపోతే దాని లోపలి జిడ్డు నల్లగా పైకి ఊరుతుంది. చట్నీలో అయితే తాలింపు రంగులో కలిసిపోయి కనబడదు. తెల్లటి అన్నం గుజ్జులో సన్నటి నల్ల చారగా బయటపడుతుంది. కొట్టుకు వచ్చే జార్లలో సగానికి ఈ జబ్బే. "మిక్సీ బాగానే తిరుగుతాంది గదన్నా" అంటారు. తిరుగుతుంది, ఎందుకు తిరగదు. అరిగింది మోటారు కాదు గదా.

పరీక్ష సులువు. జార్లో సగం నీళ్లు పోసి, తెల్ల కాగితం మీద రాత్రంతా ఉంచాలి. పొద్దున కాగితం తడిసినా, బ్లేడు మొదట్లో నల్లటి మరక కనిపించినా బుష్ మార్చాల్సిందే. అక్క కోసం ఒక చట్నీ జార్‌కు కొత్త బుష్, కొత్త వాషర్ వేసి వేరుగా పెట్టాను. అందులో మిరపకాయలు, మసాలాలు వేయొద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను. మూతకుండే రబ్బరు వాషర్ వాడిన ప్రతిసారీ ఊడదీసి కడగాలి. దాని సందులో చేరిన మెతుకు మర్నాటికి పులిసిపోతుంది.

పెద్ద జార్ ఎందుకు వద్దంటే, ఒక్క మనిషికి చేసే కొద్దిపాటి తిండి అందులో గోడలకు ఎగిరి అతుక్కుంటుంది, బ్లేడుకు అందదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పొగలు కక్కేది పోసి మూత బిగించి స్విచ్ వేస్తే ఆవిరి మూతను ఎగరగొడుతుంది. చెయ్యి కాల్చుకుని, పగిలిన మూత పట్టుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. గోరువెచ్చగా అయ్యాకే పోయాలి, సగం మించి నింపకూడదు, మూత మీద మడిచిన గుడ్డ వేసి పట్టుకోవాలి.

మాఘమాసం, అన్నం

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది అన్నమే. మెత్తగా ఉడికిన అన్నాన్ని మిక్సీలో వేస్తే మెత్తటి గుజ్జు రాదు, బంక వస్తుంది. ఉడికిన గింజలో పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. బ్లేడు దాన్ని చీల్చగానే లోపలి గంజి అంతా బయటికొచ్చి సాగుతుంది. చెంచా వంచితే కదలదు. ఎక్కువ నీళ్లు పోస్తే పలచబడుతుంది గానీ జిగురు పోదు.

చల్లారిన అన్నమైతే ఇంకో తంటా. చల్లబడ్డాక పిండి మళ్లీ గట్టిపడుతుంది, అప్పుడు తిప్పితే సన్నటి రవ్వ మిగులుతుంది. కళ్లకు మెత్తగానే ఉంటుంది, వేళ్ల మధ్య గరగరమంటుంది.

చివరికి కుదిరిన దారి, వండి రుబ్బడం మానేసి రుబ్బి వండటం. సోనామసూరి బియ్యం నానబెట్టి, దోసెల పిండి కంటే మెత్తగా రుబ్బి, పలచగా కలిపి, సన్న జాలీలో వడగట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద కలుపుతూ ఉడికించాలి. గ్లాసు బియ్యానికి ఎనిమిది గ్లాసుల నీళ్లు. ముందు పాలలా ఉంటుంది, ఒక దశలో గరిటె ఉన్నట్టుండి బరువెక్కుతుంది, అక్కడి నుంచి చెయ్యి ఆపకూడదు. దించేముందు ఉప్పు, నెయ్యి. జిగురు లేదు, నలుసు లేదు. మిక్సీ పని పచ్చి బియ్యంతోనే అయిపోయింది.

అక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పరవాలేదు రా, గంజిలోకి ఊరగాయ లేదే అన్న దిగులు తప్ప" అంది. ఊరగాయ కాగితంలో కూడనివాటి వరసలో మొదట్లోనే ఉంది.

శివరాత్రి ముందర, రాగులు

ఈ సీమలో పుట్టిన మనిషిని సంగటి లేకుండా ఎన్నాళ్లు ఉంచగలం? కానీ రాగులతో చిక్కు ఏమిటంటే, బియ్యానికి దంచి తవుడు తీసినట్టు రాగి గింజకు పొట్టు తీయడం కుదరదు. అది లోపలి పిండికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. అందుకే మరలో ఆడించిన రాగిపిండి అంటే పొట్టుతో సహా ఆడించిన పిండే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అదే మేలు, అక్కకు అదే గండం.

మార్గం మన ఇళ్లల్లో చంటిపిల్లలకు చేసేదే, రాగిపాలు తీయడం. రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పలచటి నూలుగుడ్డలో వేసి పిండాలి. మిగిలిన పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి రుబ్బి ఇంకోసారి పిండాలి. మడిచిన గుడ్డలో నుంచి దిగే పాలు లేత ఊదారంగులో ఉంటాయి, గుడ్డలో ముదురు గోధుమరంగు పిప్పి మిగులుతుంది. ఆ పాలను ఒక గంట కదపకుండా ఉంచితే పిండి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచేసి, కావలసినన్ని మంచినీళ్లు కలిపి ఉడికించడమే.

100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పొట్టులోనే ఎక్కువ. వడగడితే అందులో కొంత పోతుంది, తప్పదు. ఇది పెట్టేముందు డాక్టరును అడిగాం. వడగట్టినదైతే కొంచెంగా మొదలుపెట్టి చూడమన్నారు.

చిక్కగా ఉడికించి, తడి చేత్తో ముద్ద చేసి కంచంలో పెడితే చూడటానికి సంగటే. పక్కన జారుగా పప్పు. ఊరుబిండి కావాలని అడిగింది గానీ వేరుశనగ కూడదు. "ఎట్లుందక్కా?" అంటే, "సంగటి మాదిరి ఉండాది, సంగటి కాదు. అయినా పెట్టు" అంది. మా ఇంట్లో అది పెద్ద మార్కే.

ఆ రాగుల్లోనే ఇంకో తమాషా బయటపడింది. మొలకెత్తిన రాగుల్లో పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైము తయారవుతుంది. రాగిమాల్ట్ జావ మామూలు రాగిజావంత చిక్కబడకపోవడానికి కారణం అదే. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, సన్నగా ఆడించి, జల్లించిన పిండి చిటికెడు ఉంటే అన్నం గుజ్జును నీళ్లు పోయకుండానే పలచబరచవచ్చు. గుజ్జు వేలు పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉండాలి, మరుగుతూ ఉండకూడదు. మరిగేదాంట్లో వేస్తే ఎంజైము చచ్చిపోతుంది. పిండిని చెంచాడు చల్లటి నీళ్లలో కలిపి పోసి తిప్పుతుంటే, కాసేపటికి గరిటె బరువు తగ్గిపోతుంది. చెయ్యి పెట్టి కలిపేవాడికే ఆ ఆశ్చర్యం తెలుస్తుంది. తర్వాత ఒక్క పొంగు రానిచ్చి దించాలి. అలా చేస్తే ఎంజైము ఆగుతుంది, మొలకల పిండిలో సూక్ష్మక్రిములేవైనా ఉంటే పోతాయి. రుచి కొంచెం తియ్యబడుతుంది.

ఇదంతా ఎందుకంటే, గుజ్జు తిండిలో అసలు మోసం నీళ్లలోనే ఉంది. జారుగా రావాలని నీళ్లు పోసుకుంటూ పోతే గిన్నె నిండుతుంది, పొట్ట నిండుతుంది, ఒంట్లోకి పోయే బలం సగమే. అక్క మనిషి తగ్గిపోతోందని బావకు ఒకటే టెన్షన్. అప్పటినుంచి పలచన చేయాల్సి వస్తే నీళ్లకు బదులు పప్పుకట్టు, పాలు, లేదా కోడి ఉడికించిన నీళ్లు వాడుతున్నాం. చిన్న చెంచాడు నెయ్యి, అంటే 5 గ్రాములకు సుమారు 45 కేలరీలు. కొంచెమే తినగలిగిన మనిషికి అదేమీ చిన్న లెక్క కాదు.

ఫాల్గుణం, పప్పూ తాలింపూ

పెసరపప్పు, కందిపప్పు రెండూ చేశాం. అక్కకు పెసరపప్పే తేలిక. నానబెట్టి ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే గ్యాస్ తగ్గింది. పప్పుల్లో గ్యాస్ పుట్టించే చక్కెరలు నీళ్లలో కరుగుతాయి, కొంత వాటితోనే పోతాయి. మెత్తగా ఉడికిన పప్పుకు మిక్సీ అక్కర్లేదు. పప్పుగుత్తితో ఎనిపి జాలీలో వేసి గరిటెతో రుద్దితే చాలు. మిక్సీలో జోరుగా తిప్పితే నురగ వస్తుంది, ఆ గాలి కూడా కడుపులోకే పోతుంది. బతుకుతెరువు మిక్సీలైనవాణ్ణి, అయినా చెప్పక తప్పడం లేదు: ఈ కంచంలో మిక్సీ పని తక్కువ, పొయ్యి పని, జాలీ పని ఎక్కువ.

వెల్లుల్లి లేని పప్పు పప్పే కాదంటుంది అక్క. తింటే ఉబ్బరం. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు అనే ఒక రకం పిండిపదార్థాలు చాలామంది సున్నితపు కడుపులకు పడవు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి పిండిపదార్థాలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్‌లు అని పేరుపెట్టి, దాని మీద ఒక ఆహార పద్ధతే తయారుచేశారు. మనకు పనికొచ్చే ముక్క ఏమిటంటే, ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి నెయ్యిలో వెల్లుల్లి రెబ్బలు, జీలకర్ర, కరివేపాకు, చిటికెడు ఇంగువ వేయించి, వడగట్టి, ఆ నెయ్యి ఒక్కటే పప్పులో కలపాలి. వాసన వస్తుంది, వెల్లుల్లి రాదు. అదే చారులో రెబ్బలు వేసి మరిగించి తర్వాత తీసేస్తే లాభం లేదు, ఫ్రక్టాన్లు అప్పటికే చారులోకి దిగి ఉంటాయి. ఎండుమిర్చి మాత్రం నేతిలోనూ వద్దు. దాని కారం నూనెలోనే బాగా కరుగుతుంది.

చిల్లుల గరిటెలో వడగట్టగా మిగిలిన వెల్లుల్లి, కరివేపాకు కరకరలాడుతూ నా కంచంలోకి వస్తున్నాయి. ఈ ప్రాజెక్టులో నాకు దక్కిన జీతం అదే.

ఉగాది దాటాక, కూరలు

రైతుబజారులో ఇప్పుడు కూరగాయలు చూసే చూపే మారిపోయింది. లేతదా, గింజ ముదిరిందా, పీచు పట్టిందా, ఇదే ధ్యాస.

సొరకాయ, బీరకాయ, తీపి గుమ్మడి, క్యారెట్ నాలుగూ మంచి దారిలో ఉన్నాయి. చెక్కు తీసి, గింజలూ వాటి చుట్టూ ఉండే దూదీ గీసేసి, ఆవిరి మీద ఉడికించాలి. నీళ్లలో ఉడికిస్తే గుజ్జు నీరుకారిపోతుంది. సొరకాయ తరిగేముందు చిన్న ముక్క కొరికి చూడటం తప్పనిసరి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్ మామూలు మనిషికే వాంతులు, రక్తవిరేచనాలు తెప్పిస్తుంది. ఉడికించినా పోదు. బీరకాయ చెక్కుతో మా ఆవిడ తొక్కుపచ్చడి చేసింది, అక్కకు కనబడకుండా తిన్నాం.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటిలో సీజను పనికి పోయే మా చుట్టం ఒకాయన మా జాలీ చూసి నవ్వాడు. "ఒకే జల్లెడలో అంతా ఎట్లా దిగుతుంది? మా కాడ ముందు పల్పర్లో పెద్ద బెజ్జాలు, టెంక, తొక్క అక్కడ ఆగుతాయి. ఆనిక ఫినిషర్లో సన్న బెజ్జాలు" అన్నాడు. సరిగ్గా అదే చేశాం. ముందు పిండిజల్లెడ, తర్వాత టీ వడగట్టే సన్న జాలీ. గరిటె వీపుతో గుండ్రంగా రుద్దుతూ పోతే జాలీ మీద పీచు పోగవుతుంది, జాలీ అడుగున గుజ్జు వేలాడుతుంది. అడుగున అంటుకున్నదాన్ని గీకి తీసుకోవడం మరిచిపోకూడదు, శ్రేష్ఠమైనది అదే. పని సగానికి సగం తగ్గింది.

ఆకుకూరలు పెద్దగా కలిసిరాలేదు. కాడల నారలు బ్లేడు చుట్టూ చుట్టుకుంటాయి, కొట్టులో రోజూ విప్పే చిక్కుముడే. పాలకూర ఆకులు మాత్రం, ఈనెలు కూడా తీసేసి, ఉడికించి, రెండు జాలీల్లో వడగట్టి పప్పులో కలిపితే రంగు వచ్చింది. టమాటా మరిగే నీళ్లలో ముంచి తొక్క ఒలిచి, గింజలు జాలీలో ఆపేయాలి. వంకాయ గింజలు ఏ జాలీలోనూ ఆగేట్టు లేవు, వదిలేశాం. బంగాళాదుంపను మిక్సీలో వేస్తే అన్నం బంకకు అన్నలాంటి బంక వస్తుంది. వేడిగా ఉండగానే జాలీలోంచి నొక్కి పాలు, నెయ్యి కలపాలి.

గుడ్డు, కోడి

గుడ్డు సులువు. గిలకొట్టి, దానికి రెట్టింపు కోడి నీళ్లు కలిపి, టీ జాలీలో వడగట్టి, చిన్న గిన్నెలో పోసి ఇడ్లీ పాత్రలో సన్నసెగ మీద ఆవిరి పట్టాలి. మూతకు గుడ్డ చుడితే పైనుంచి నీటిచుక్కలు పడవు. మంట ఎక్కువైతే బెజ్జాలు పడి నీరు ఊరుతుంది. సరిగ్గా వస్తే గిన్నె కదిపినప్పుడు నడుమ వణుకుతుంది.

కోడి ఇంకా తేలలేదు. చెస్ట్ పీస్ ఎంత ఉడికించి రుబ్బినా పొడిపొడిగా, ఇసకగా ఉంటోంది. తొడ ముక్క నయం, కొవ్వు ఉంటుంది కాబట్టి. గోరువెచ్చగా ఉండగా అదే నీళ్లతో రుబ్బి, చెంచాడు అన్నం గుజ్జు కలిపి, మళ్లీ వడగడితే తినేలా ఉంది. అంతకన్నా చెప్పలేను.

గంగజాతర రోజులు

ఊరంతా వేషాలు, పొంగళ్లు, అంబళ్లు. ఎండ మండిపోతోంది. ఈ వేడిలో గుజ్జు మామూలు అన్నం కంటే తొందరగా పాడవుతుంది. రుబ్బడంలో, వడగట్టడంలో ఎన్నో గిన్నెలు, గరిటెలు తగులుతాయి గదా. వండిన అన్నంలో బతికి ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బయట ఉంచేకొద్దీ పెరుగుతుంది, అది వదిలే విషం తిరిగి వేడిచేసినా పోదు. అందుకని మిగిలినదాన్ని వెడల్పాటి పళ్లెంలో పోసి, ఆ పళ్లెం అడుగున చల్లటి నీళ్లు పెట్టి గబగబా చల్లార్చి, గంట లోపలే ఫ్రిజ్‌లో పెడుతున్నాం. పప్పు, గుమ్మడి, క్యారెట్ గుజ్జులు ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుంటే పూటకు కావలసినన్ని ముక్కలు తీసి పొగలొచ్చేలా వేడిచేసుకోవచ్చు. కరిగాక నీరు విడిపోతే గరిటెతో కలిపితే సరి. అన్నం గుజ్జు మాత్రం ఏ పూటకా పూటే. కరెంటు ఎక్కువసేపు పోయిన రోజు ట్రేలో కరిగినవన్నీ పారబోశాం.

ఫ్రిజ్ తలుపు మీద బావ పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించాడు: కడుపు ఉబ్బి నొప్పి, వాంతులు, గ్యాస్ కూడా పోకపోవడం. వీటిలో ఏది వచ్చినా ఇంక గుజ్జు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి. దారి సన్నబడిన పేగు పూర్తిగా మూసుకుపోతే కనబడే గుర్తులవి.

తోతాపురి దిగే రోజులు

డాక్టరు మళ్లీ పరీక్షలు చేయించి, వాపు తగ్గిందన్నారు. ఇక మెత్తగా ఉడికినవి రుబ్బకుండా, ఒక్కొక్కటిగా, మూడు నాలుగు రోజుల ఎడంతో మొదలుపెట్టమన్నారు. తొక్కలు, గింజలు, పీచు ఇప్పుడిప్పుడే వద్దు.

మొదట ఏది అంటే అక్క తడుముకోకుండా ఇడ్లీ అంది. నీళ్లచారులో నానేసిన ఇడ్లీ సగం తింది, కడుపు ఏమీ అనలేదు. తర్వాత మెత్తటి పెసరపప్పు పులగం, మిరియాలు లేకుండా. మధ్యలో ఒకరోజు బాగా పండిన మామిడి రసం, రెండు జాలీల్లో దించి చిన్న గిన్నెడు ఇచ్చాం. దానికి ఫ్యాక్టరీ చుట్టాన్నే కూర్చోబెట్టాం.

వచ్చే వారం కాణిపాకంలో పెళ్లి ఉంది. బంతిలో కూర్చుంటానని అక్క పట్టు. స్టీలు ఫ్లాస్కును ముందు మరిగే నీళ్లతో కడిగి వేడెక్కించి, పొగలు వస్తుండగానే అన్నం గుజ్జు నింపుదామని, ఇంకో చిన్నదాంట్లో వెల్లుల్లి నెయ్యి వేసిన పప్పు పెడదామని అనుకున్నాం. ఆకు మీద ఆమె చోట అవి వడ్డించే పూచీ నాది. ఫ్లాస్కులు రెండూ రాత్రి నీళ్లు పోసి చూశాను, పెద్దదాని వాషర్ కారుతోంది. అది మార్చాలి.